ఉబుంటులో సోర్స్ నుంచి బిల్డ్ చేసిన పైథాన్ 3.12లో పిప్ పనిచేయట్లేదు, ఎస్ఎస్ఎల్ మాడ్యూల్ లేదంటోంది

లిబ్‌ఎస్ఎస్ఎల్ ఉంది, బిల్డ్ కూడా సాఫీగానే అయింది, అయినా పిప్ (పైథాన్ ప్యాకేజీలు వేసే సాధనం) ఎందుకు పనిచేయట్లేదని అడిగారు కదా. మీ దగ్గర లేనిది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ (సురక్షిత కనెక్షన్లకు వాడే లైబ్రరీ) కాదండి, దాని హెడర్ ఫైళ్లు, అంటే ఆ లైబ్రరీలో ఏముందో కంపైలర్‌కి చెప్పే ఫైళ్లు. మీరు చూసి "ఉందిగా" అన్న లిబ్‌ఎస్ఎస్ఎల్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో భాగమే, కానీ అది ఇప్పటికే తయారైన ప్రోగ్రాములు నడవడానికే సరిపోతుంది. కంపైల్ చేయాలంటే పేరు చివర "డెవ్" ఉన్న ప్యాకేజీ కావాలి. ఫెడోరాలో అయితే "డెవెల్" అని ఉంటుంది.

1. ఆప్ట్‌తో (ఉబుంటులో ప్యాకేజీలు వేసే కమాండ్) లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్ (libssl-dev) వేయండి. పనిలో పనిగా లిబ్‌ఎఫ్ఎఫ్ఐ-డెవ్ (libffi-dev), జీలిబ్1జీ-డెవ్ (zlib1g-dev) కూడా వేసుకోండి. లేకపోతే రేపు సీటైప్స్ (సి లైబ్రరీలను పిలిచే పైథాన్ మాడ్యూల్), జీలిబ్ (కంప్రెషన్ మాడ్యూల్) దగ్గర ఇలాగే ఆగిపోతారు.

2. చాలామంది వదిలేసేది ఇదే: మేక్ క్లీన్ చేసి (పాత బిల్డ్ ఫైళ్లు పోతాయి), కాన్ఫిగర్‌ని మళ్లీ మొదటినుంచి నడపండి. ఏ లైబ్రరీ ఉందో లేదో వెతికేది కాన్ఫిగర్ ఒక్కటే. ఉత్త మేక్ కొడితే పాత "లేదు" అన్న జవాబునే పట్టుకుని ముందుకు పోతుంది. నేను ఒక సాయంత్రమంతా ఇక్కడే పోగొట్టుకున్నాను.

3. మేక్ అయ్యాక చివరి వరుసలు చదవండి. దొరకని మాడ్యూళ్ల జాబితా అక్కడే వస్తుంది, కానీ ఎర్రర్‌గా ఆగదు. అందుకే మీకు అంతా సాఫీగా అయినట్టు అనిపించింది. అందులో అండర్‌స్కోర్ ఎస్ఎస్ఎల్ (_ssl) కనిపించకూడదు.

4. తర్వాత మేక్ ఇన్‌స్టాల్ వద్దు, మేక్ ఆల్ట్‌ఇన్‌స్టాల్ వాడండి. అప్పుడు పైథాన్3 అన్న పేరు ఉబుంటుతో వచ్చిన సిస్టమ్ పైథాన్‌కే ఉంటుంది.