ముప్పై శాతం వేగం పెంచారట, నాకెందుకు తెలియలేదు?

ఏటా వచ్చే కొత్త మోడళ్లూ కొత్త వెర్షన్లూ కాస్త కాస్త మెరుగులతోనే వస్తున్నాయి, అవి కొన్నవాళ్ల ఆశల్ని నిజంగా తీరుస్తున్నాయా, మూడేళ్ల ఫోన్ ఉన్న నేను ఇప్పుడు మార్చాలా వద్దా అని మీరు అడిగారు.

నా జవాబు కొంచెం వంకరగా ఉంటుంది. మెరుగు నిజమే. ప్రచారంలో చెప్పే అంకెలు కూడా చాలావరకు నిజమే. కానీ ఒక్కొక్క మెట్టుకీ డబ్బు పోసినవాళ్లకు అది కంటికి ఆనదు, నాలుగైదు మెట్లు ఒక్కసారే ఎక్కినవాళ్లకు బాగా తెలుస్తుంది. పైగా చాలామంది ఆశించేది కొత్తగా ఏదో రావాలని కూడా కాదు, ఉన్నది చెడకుండా ఉండాలని. తయారుచేసేవాళ్లకు ఆ సంగతి ఆలస్యంగా తలకెక్కుతుంది.

నేను నాలుగేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కస్టమర్ సపోర్ట్ చేశాను. ఒక రిలీజ్‌లో సెర్చ్ వేగం పెంచడానికి డెవలపర్లు మూడు నెలలు కష్టపడ్డారు. సెకను పట్టే పని 0.7 సెకన్లకు వచ్చింది. రిలీజ్ నోట్స్‌లో మొదటి లైను అదే: సెర్చ్ 30 శాతం వేగం. మెచ్చుకుంటూ మెయిల్స్ వస్తాయి, దాచిపెట్టమని మా మేనేజర్ నాతో ప్రత్యేకంగా ఒక ఫోల్డర్ చేయించాడు. నేను ఉద్యోగం మానేసేదాకా ఆ ఫోల్డర్ ఖాళీగానే ఉంది.

ఆ వారం వచ్చిన టికెట్లలో, అంటే వాడేవాళ్ల ఫిర్యాదుల్లో, సగానికి పైగా ఒకటే గోల: ఎక్స్‌పోర్ట్ బటన్ ఏమైంది? పైన కుడివైపు ఉండేదాన్ని డిజైనర్లు తీసి మూడు చుక్కల మెనూలో పెట్టారు. రిలీజ్ నోట్స్‌లో అది అట్టడుగున ఒక ముక్క, "మెనూ సరళం చేశాం" అని. ఒకాయన స్క్రీన్‌షాట్ పంపాడు. బటన్ ఒకప్పుడు ఉండే చోట, ఇప్పుడేమీ లేని ఆ తెల్లటి ఖాళీ చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద ఒక్క ప్రశ్నార్థకం గుర్తు పెట్టాడు. ఇంకేమీ రాయలేదు. నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలీ వేసింది. ఆయన రోజుకు ఎన్నిసార్లు ఆ చోటికి చెయ్యి పోనిచ్చి ఉంటాడో.

సెకను 0.7కు తగ్గితే ఎవరికీ ఎందుకు తెలియలేదో నాకు తర్వాత అర్థమైంది. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఎంతసేపు ఓపిక పడతాడన్న దాని మీద 1968లో రాబర్ట్ మిల్లర్ అనే పరిశోధకుడు ఒక పత్రం రాశారు. 1993లో జేకబ్ నీల్సన్ అనే సాఫ్ట్‌వేర్ వాడుక నిపుణుడు ఆ లెక్కల్నే అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. 0.1 సెకను లోపు జవాబు వస్తే నొక్కగానే జరిగినట్టు ఉంటుంది. ఒక సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పనిమీదికి పోతుంది. అంటే మనకు తెలిసేది ఈ గడపలు దాటినప్పుడే. సెకను నుంచి 0.7కు రావడమంటే ఒకే గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు జరగడం. డెవలపర్లు చేసిన పని చిన్నది కాదు, కానీ గడప దాటలేదు.

గడప దాటితే ఎలా ఉంటుందో నా పాత ల్యాప్‌టాప్ చూపించింది. పవర్ బటన్ నొక్కి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. బ్రౌజర్ తెరుచుకునేసరికి 2 నిమిషాల 50 సెకన్లు. లోపల హార్డ్ డిస్క్ గరగరమంటూనే ఉండేది. దాన్ని తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే 24 సెకన్లు! మిగతాదంతా అదే మెషీన్, అదే ప్రాసెసర్, అదే అరిగిపోయిన కీబోర్డు. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, సూదిలాంటి హెడ్ సరైన చోటికి జరగాలి. ఒక్కో ముక్క వెతకడానికి ఇంచుమించు 10 మిల్లీసెకన్లు. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే లేదు కాబట్టి అదే పని సుమారు 0.1 మిల్లీసెకనులో అయిపోతుంది. సిస్టమ్ లేచేటప్పుడు చదివేవన్నీ వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు, అందుకే అంత తేడా.

ఆ రుచి మరిగి, మూడేళ్ల తర్వాత ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ ఉన్న కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను. పాత సాటా రకం ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 మెగాబైట్లు చదివేది, ఇది 3,500. ఆరు రెట్లు. 24 సెకన్లు నాలుగో ఐదో అవుతాయని లెక్కేసుకుని మళ్లీ స్టాప్‌వాచ్ తీశాను. 19 వచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది నా పని. మోసపోయానేమోనని రెండు రోజులు టెన్షన్ పడి, స్పీడ్ టెస్ట్ చేసే సాఫ్ట్‌వేర్ వేసి కూడా చూశాను. డ్రైవ్ చెప్పిన వేగమే ఇస్తోంది. తప్పు నా లెక్కలో ఉంది.

1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీర్ చెప్పిన సూత్రం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. ఒక పనిలో ఒక్క భాగాన్నే ఎంత వేగం చేసినా, మొత్తం మీద కలిసొచ్చేది ఆ భాగం తినే సమయానికి మించి ఉండదు. మొదట నన్ను కాచుకునేలా చేసింది డిస్క్. అది పోయాక నేను కాచుకుంటున్నది వేరే వాటికోసం: మెషీన్‌ను మొదట లేపే ఫర్మ్‌వేర్ తన పరీక్షలు తాను చేసుకోవాలి, లోపలి భాగాల్ని నడిపే డ్రైవర్లు లోడ్ కావాలి, స్టార్టప్‌లో నేనే పోగేసుకున్న సవాలక్ష ప్రోగ్రాములు లేవాలి. డిస్క్ ఆరు రెట్లు కాదు, అరవై రెట్లు వేగమైనా వాటికేం పట్టదు. అదే ల్యాప్‌టాప్ రోజూ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ల చేతిలో పెట్టండి. 40 గిగాబైట్ల ఫైలు చదవడానికి 73 సెకన్లు పట్టేది 12 సెకన్లలోపే అయిపోతుంది. వాళ్లకు పెట్టిన ప్రతి పైసా దక్కుతుంది. నేను అంత పెద్ద ఫైలు ముట్టుకునేది ఏడాదికి రెండుసార్లు.

స్క్రీన్ల సంగతీ ఇంతే. 60 హెర్ట్జ్, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చే స్క్రీన్ నుంచి 120కి పోతే ఒక్కో ఫ్రేముకు పట్టే సమయం 16.7 మిల్లీసెకన్ల నుంచి 8.3కు దిగుతుంది. వేలితో స్క్రోల్ చేయగానే తెలుస్తుంది. 120 నుంచి 240కి పోతే మిగిలేది ఇంకో నాలుగే మిల్లీసెకన్లు. అంకె మాత్రం రెండుసార్లూ రెట్టింపే. కెమెరాలో 200 మెగాపిక్సెళ్లంటారు, మామూలుగా ఫొటో తీస్తే పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల బొమ్మ చేతిలో పెడుతుంది. వెలుతురు తక్కువైనప్పుడు ఆ కలపడమే మేలు, దాన్ని తప్పుపట్టను. కానీ పెట్టె మీది అంకె చూసి కొన్నవాళ్లు ఆశించింది అది కాదు.

ఇంతా చెప్పి, కొద్దికొద్దిగా వచ్చే మార్పులు దండగ అంటే అన్యాయం. లిథియం అయాన్ బ్యాటరీనే చూడండి. 1991లో సోనీ మొదటిసారి మార్కెట్లోకి తెచ్చినప్పుడు కిలో బరువుకు 80 వాట్-అవర్ల దాకా కరెంటు నిల్వ పట్టేది. ఇప్పటి మంచి సెల్స్ 250 దాటుతున్నాయి. ఈ ముప్పై ఏళ్లలో "ఇదిగో, ఈ ఏడాది బ్యాటరీ మారిపోయింది" అని జనం చెప్పుకున్న ఏడాది నాకు గుర్తులేదు. ఏటా కొంచెం, అంతే. ఆ కొంచెం కొంచెమే పోగుపడి మన జేబులో ఫోన్ అయింది.

పోగుపడటం అంటే ఏమిటో మా తమ్ముడూ నేనూ ఒకే రోజు చూశాం. వాడు ఏటా ఫోన్ మారుస్తాడు. నేను ఐదేళ్లు వాడి, ఇక లాభం లేదనుకున్నాక మారుస్తాను. నాలుగేళ్ల కిందట అనుకోకుండా ఇద్దరం ఒకే మోడల్ తీసుకున్నాం. టేబుల్ మీద పక్కపక్కన పెట్టి పెట్టెలు విప్పాం. పది నిమిషాలు కూడా కాలేదు, "ఏముందక్కా ఇందులో, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అని వాడు ఫోన్ పక్కన పడేశాడు. నేనేమో స్క్రీన్ పైకీ కిందికీ జరుపుతూ, కెమెరా తెరిచి మూస్తూ చిన్నపిల్లలా కూర్చున్నాను. వస్తువు ఒకటే, వాడు ఎక్కింది ఒక మెట్టు, నేను ఎక్కింది ఐదు.

ఈ కిటుకు కంపెనీలకూ తెలుసు. ఆపిల్ 2023లో తన కంప్యూటర్ల కోసం ఎం3 చిప్‌లు చూపించినప్పుడు నిరుటి ఎం2తో పాటు 2020 నాటి ఎం1తో కూడా పోల్చి చెప్పింది. నాకు అందులో తప్పేమీ కనబడదు, మూడేళ్లు ఆగినవాళ్లకు ఆ పోలికే పనికొస్తుంది. మీరు చేయాల్సిందల్లా గ్రాఫ్ చూసినప్పుడు పక్కన చిన్నక్షరాల్లో దేనితో పోల్చారో చదవడం.

ఇంకో మెలిక. కొత్త ఫోన్ చేతిలోకి రాగానే హాయిగా అనిపించేదాంట్లో కొంత కొత్త బ్యాటరీదే. పాత ఫోన్‌ను అరిగిపోయిన బ్యాటరీతో, కొత్తదాన్ని నిండు బ్యాటరీతో పోలుస్తున్నాం మరి. ఐఫోన్ 14 దాకా వచ్చిన మోడళ్లలో బ్యాటరీ 500 పూర్తి ఛార్జింగుల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది, 15 నుంచి ఆ లెక్క 1,000. 2017 డిసెంబరులో అదే కంపెనీ, బ్యాటరీ అరిగిన కొన్ని పాత ఐఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా సాఫ్ట్‌వేర్‌తో వేగం తగ్గిస్తున్నామని ఒప్పుకుంది. పెద్ద రభసయింది, 2018 చివరిదాకా బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. ఫోన్ ముసలిదైందని మార్చేసిన వాళ్లలో కొందరికి నిజానికి బ్యాటరీ మారిస్తే సరిపోయేది.

ఇక చెడకుండా ఉండటం గురించి. మా అమ్మ ఫోన్‌ను చదివి వాడదు, చోటు గుర్తుపెట్టుకుని వాడుతుంది. ఆకుపచ్చది నొక్కితే మాట్లాడొచ్చు, ఎర్రది నొక్కితే పెట్టేయొచ్చు. ఒక రాత్రి అప్‌డేట్ దానంతటదే పడింది. తెల్లారేసరికి నొక్కడం పోయి, గుండ్రటి గుర్తును పక్కకు జరపడం వచ్చింది. ఆవిడ నొక్కింది, ఎత్తలేదు. గట్టిగా నొక్కింది, ఎత్తలేదు. మూడుసార్లు నా కాల్ మోగి మోగి ఆగిపోయింది. నేను కంగారుపడి వెళ్తే, "ఫోన్ పాడైపోయిందే, మాట వినడం లేదు" అని చేతికిచ్చింది. పాడవలేదమ్మా, బాగుచేశారు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సెట్టింగ్స్‌లో పాత పద్ధతికి మార్చే వీలుంది కాబట్టి బతికిపోయాం. వీలు లేని చోట ఏం చేయాలి? ఎక్స్‌పోర్ట్ బటన్ చుట్టూ ఎర్రసున్నా చుట్టినాయన ఆ రోజు గుర్తొచ్చాడు.

అందుకే ఈ మధ్య వచ్చిన మెరుగుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది, వేదికల మీద చప్పట్లు పడనిది ఒకటుంది. 2023లో గూగుల్ పిక్సెల్ 8కి, 2024లో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. భద్రతా లోపాల్ని పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన రోజు ఫోన్‌లో ఏ తేడా కనబడదు, కనబడకపోవడమే దాని పని. ఐదేళ్లకోసారి మార్చే నాలాంటివాళ్లు ఆశించేది సరిగ్గా అదే.

మీ మూడేళ్ల ఫోన్ సంగతికొస్తే, కొత్త మోడల్ రివ్యూలు చదవడం ఒక వారం ఆపి, ఈ వారంలో మీ ఫోన్ మిమ్మల్ని ఎక్కడెక్కడ విసిగించిందో కాగితం మీద రాసుకోండి. ఆ చిట్టా పట్టుకుని చూస్తే, కొత్త మోడల్లో వచ్చిన మెరుగు మీ విసుగును తాకుతుందో లేదో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. నేను పోయిన నెల ఇదే చేశాను. ఏడు రోజులకు మూడే తేలాయి: సాయంత్రానికి ఛార్జింగ్ అయిపోతోంది, స్టోరేజ్ నిండిపోయిందని మాటిమాటికీ గోల పెడుతోంది, రాత్రిపూట దీపం వెలుగులో మా తమ్ముడి కూతుర్ని ఫొటో తీస్తే మసగ్గా వస్తోంది.

మొదటిది బ్యాటరీ మారిస్తే పోయింది. రెండోదానికి ఒక ఆదివారం కూర్చుని, ఎప్పుడూ చూడని వీడియోలు తీసేశాను. మూడోది మాత్రం ఈ ఫోన్‌తో అయ్యే పని కాదు. అదే దీపం కింద, అదే పిల్లని మా తమ్ముడి కొత్త ఫోన్‌తో తీసి చూశాను, కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. నాలుగు మెట్ల తేడా అక్కడ నిజంగానే కనబడింది, కాసేపు ఆశ కూడా పుట్టింది. వాడు ఎలాగూ వచ్చే ఏడాది మార్చేస్తాడు, అప్పుడు ఇది ఇంకెవరికీ ఇవ్వకురా అని చెప్పి ఉంచాను.