చలికాలంలో పెట్టిన కొమ్మల్ని వేసవి రాకముందే నేలలో నాటొచ్చా?

చలికాలమంతా కొమ్మల్ని ఇంట్లో కాపాడి, వసంతం రాగానే నేలలో నాటమని ఎక్కడో చదివానని, గుంటూరులో అది కుదురుతుందా అని అడిగారు. కుదరదండి. అది మంచు కురిసే దేశాల పద్ధతి. అక్కడ మొక్కలో నీరు గడ్డకట్టి చచ్చిపోతుంది కాబట్టి చలి దాటిస్తారు. మన డిసెంబరు చలి మల్లెనీ మందారాన్నీ ఏమీ చేయదు. మనం దాటించాల్సింది రోళ్లు పగిలే రోహిణి కార్తెని.

మాది బ్రాడీపేట. పక్కింటి మామ్మగారి పెంకుటిల్లు బిల్డరుకి ఇచ్చేశారు. పెరట్లో పెద్ద గుండుమల్లె పొద ఉండేది. వేసవి సాయంత్రాలు ఆవిడ వీధంతా పూలు పంచేవారు. పొక్లెయిన్ వస్తోందని తెలిసి, ముందురోజే కత్తెర పట్టుకుని వెళ్లాను. "మరీ లేతవి వద్దమ్మా, ఇదిగో ఈ పెన్సిలంత లావువి తీసుకో" అంటూ ఆవిడే దగ్గర కూర్చుని చూపించారు. ఈ బిల్డర్లు ఫ్లాటుకో కారు పార్కింగ్ ఇస్తారు గానీ, ఒక్క పూలమొక్కకి మట్టి మిగల్చరు. నాకు అదే కడుపుమంట.

ఒక్కో ముక్కకి మూడు నాలుగు కణుపులు ఉంచి, కింది కణుపుకి కాస్త దిగువన ఏటవాలుగా కోశాను. కింది ఆకులు తీసేసి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపిన కవర్లలో గుచ్చి, వెలుతురు ఉండి ఎండ పడని చోట పెట్టాను. చిగురు చూసి మురిసిపోకండి. కొమ్మ తనలో దాచుకున్న బలంతోనే చిగురిస్తుంది. కవరు అడుగున తెల్లటి వేళ్లు కనిపించాకే కుండీలోకి మార్చాను.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోగానే మావారు ఊళ్లో ఖాళీ స్థలంలో నాటేద్దామన్నారు. ససేమిరా అన్నాను. మేడ మీద వాటర్ ట్యాంకుకి తూర్పు పక్కన పెట్టి, కుండీల చుట్టూ తడి గోనె చుట్టాను. అక్కడ పొద్దుటి ఎండ తగులుతుంది, మధ్యాహ్నానికి నీడ వస్తుంది. మే నెలలో కుండీ గోడ కాలిపోయి, దాన్ని అంటుకున్న వేళ్లు మాడతాయి. మొక్క వాడుతోందని జనం ఇంకా నీళ్లు పోస్తారు, మిగిలిన వేళ్లు కుళ్లుతాయి. జూన్‌లో మృగశిర కార్తె వచ్చి, నేల బాగా తడిశాక అప్పుడు నాటాం. మరుసటి వేసవికి విరగబూశాయి. మామ్మగారికీ ఒక కుండీ పంపాను, ఇప్పుడు ఆవిడ కొడుకు వాళ్ల బాల్కనీలో ఉంది.

మీ గులాబీ కొమ్మలు కార్తీకంలో పెట్టండి, సంక్రాంతి తర్వాత కుండీల్లోకి మార్చండి. తొలి వేసవిలో వచ్చే మొగ్గలు మాత్రం తుంచేయండి. పువ్వు చూడాలని ఎంత ఆశగా ఉన్నా సరే, ఆ బలం వేళ్లకి వెళ్లాలి.