పాఠకుల ప్రశ్నలు: పుస్తకాలు, ఫోటోలు, స్పానిష్.. ఏది మానెయ్యాలి?

ప్రశ్న: టెలిఫోన్స్‌లో చేసి రిటైరయ్యాను, ఉండేది కందుకూరు. పొద్దున పుస్తకాలు, మధ్యాహ్నం పాత ఫోటోలు సర్దడం, సాయంత్రం స్పానిష్ అని టైంటేబుల్ పెట్టుకున్నా. స్పానిష్ ఎందుకంటే హ్యూస్టన్‌లో మా మనవరాలు స్కూల్లో నేర్చుకుంటోంది, వీడియో కాల్‌లో అమ్మమ్మతో కూడా మాట్లాడాలని దాని సరదా. మా ఆయనేమో "ఈ వయసులో ఆ భాషేందే, కూరగాయల మార్కెట్లో ఎవురితో మాట్లాడతావ్" అని ఒకటే ఎగతాళి. మూడూ మొదలుపెట్టా, ఒక్కటీ ముందుకు పోవట్లా. ఏది మానెయ్యమంటారు?

జవాబు: టైంటేబుల్ మానెయ్యండమ్మా, అది ఆఫీసు అలవాటు. మీ మూడు పనుల్లో రెండిటికి తొందర లేదు, పుస్తకం ఎక్కడికీ పోదు, స్పానిష్ వచ్చే ఏడాదీ ఉంటుంది. ఫోటోలకి మాత్రం గడువుంది. మన సముద్రపు గాలికి కాగితం పాడవడం ఒకటి, కానీ నేను చెప్పేది మనుషుల సంగతి. మీ పెళ్లి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డాయన ఎవరో చెప్పగలిగేవాళ్లు ఇంకెంతమంది మిగిలారు చూసుకోండి. అందుకని ముందు పేర్లు, సర్దడం తర్వాత. ఇది మధ్యాహ్నం ఒక్కరే గదిలో కూర్చుని చేసే పని కాదు, ఒక కవరు నిండా ఫోటోలు తీసుకుని మేనత్త ఇంటికో పెద్దమ్మ ఇంటికో పోండి, చేతిలో పెడితే చాలు వాళ్లే మొదలెడతారు, మీరు ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి మధ్యలో మాట్లాడకుండా ఉంటే చాలు, అదే కష్టం అనుకోండి. ఇంటికొచ్చాక వెనక వైపు అంచున మెత్తటి పెన్సిల్‌తో నొక్కకుండా రాయండి. బాల్ పెన్ను వద్దు, గీత ముందుకి తేలుతుంది. కలర్ ఫోటోల వెనక నున్నగా ఉండి పెన్సిల్ పడకపోతే కవరు మీద రాసుకోండి.

ఏ సంవత్సరమో తెలియని వాటికి మీ కందుకూరోళ్లకి ఒక సదుపాయం ఉంది, చాలా ఊళ్లోళ్లకి అది లేదు. ఫోటో వెనక స్టూడియో ముద్రో, దాంతో పాటు దొరికిన ఉత్తరమో శుభలేఖో ఉంటే జిల్లా పేరు చూడండి. కందుకూరు మొదట నెల్లూరు జిల్లా, 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో మళ్లీ నెల్లూరులో కలిపారు. కాబట్టి పాత కాగితం మీద "నెల్లూరు జిల్లా" అని ఉంటే ఇంచుమించు 1970కి ముందుది, "ఒంగోలు జిల్లా" అని ఉంటే ఆ రెండేళ్లలోదే అయ్యుండొచ్చు. కొందరు అలవాటు కొద్దీ పాత పేరే రాస్తుంటారు, ఆ తేడా చూసుకోండి.

స్కాన్ చేయించేటప్పుడు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అనే లెక్క) సరిపోతుంది, చిన్న ఫోటోని పెద్దది చేయించాలనుకుంటే 600. ఫైలు పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, 1968-05-పెళ్లి ఇలాగ, కంప్యూటరే వరసలో పెట్టుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

ఇక స్పానిష్. మీ ఆయనకి చెప్పండి, ఇంగ్లీషు కంటే ఇది మన నోటికి తేలిక అని. అచ్చులు అయిదే, అ ఎ ఇ ఒ ఉ, రాసింది రాసినట్టే చాలావరకు పలుకుతారు. ట, డ లు లేవు, మన త, ద లకి దగ్గరగా ఉంటాయి, ఇంగ్లీషోళ్లు తంటాలు పడేది ఇక్కడే. 'నేను' అని ప్రతిసారీ చెప్పక్కర్లా, మనకి 'వస్తాను' అంటే ఎవరో తెలిసిపోయినట్టు వాళ్లకీ క్రియ చివరే చెప్పేస్తుంది. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. కాఫీ ఇష్టం అనాలంటే 'మే గుస్తా ఎల్ కఫే', అంటే మనలాగే "నాకు" తోనే మొదలు. కష్టమల్లా బల్లకీ పుస్తకానికీ కూడా ఆడా మగా ఉండటం, బల్ల ఆడది, పుస్తకం మగది, ఎందుకని అడక్కండి. టెక్సాస్ పక్కనే మెక్సికో కాబట్టి మీరు లాటిన్ అమెరికా ఉచ్చారణే పెట్టుకోండి, స్పెయిన్‌ది వేరేగా ఉంటుంది. రోజూ ఓ పావుగంట చాలు. వీడియో కాల్‌లో ఏం మాట్లాడాలో తెలియకపోతే ఆ ఫోటోలే చూపించండి, "ఎస్తా ఎస్ మి మాద్రే", ఈమె మా అమ్మ, అని. ఒక్కో కాల్‌కి ఒక్క ఫోటో పెట్టుకుంటే ఆ పిల్లకి ముత్తవ్వ తెలుస్తుంది, మీకు వాక్యం వస్తుంది.

చదవడానికి నేను చెప్పేదేం లేదు, నిద్రొచ్చేదాకా చదూకోండి. ఒకరోజు మాత్రం వేటపాలెం సారస్వత నికేతనానికి పోయి రండి, 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు బోలెడు దాచారు. ఈమధ్య బాపట్ల జిల్లాలోకి పోయిందిగానీ మనదే అనుకుంటాం.

ప్రశ్న: జిగురు పేజీల ఆల్బంలో ఫోటోలు అతుక్కుపోయాయి, లాగితే చిరుగుతున్నాయి. ఏం చెయ్యాలి? (ఒంగోలు పాఠకుడు)

జవాబు: లాగొద్దు సార్. ముందు పేజీ ఉన్నది ఉన్నట్టే స్కాన్ చేసుకోండి, తర్వాత ఏమైనా పర్లేదు. మెడికల్ షాపులో డెంటల్ ఫ్లాస్ అని అడిగితే ఇస్తారు, మైనం పూయనిది తీసుకుని ఫోటో కింద మూల నుంచి దూర్చి అటూ ఇటూ మెల్లిగా లాగుతూ రండి. అయినా రాకపోతే ఆ పేజీనే ఫోటో చుట్టూ కత్తిరించి దాచుకోండి. నీళ్లలో మాత్రం నానబెట్టొద్దు. లామినేషన్ చేయిద్దామనుకుంటున్నారేమో, అదీ వద్దు, ఒకసారి చేయిస్తే మళ్లీ తీయడం కుదరదు.