పందులు మేసిన చేనుకు పంచనామా ఏదీ?

ప్రశ్న: నల్లమల అంచు గ్రామంలో మూడెకరాలు నోటిమాట మీద కౌలుకు తీసుకుని మొక్కజొన్న వేశాను. కంకులు పాలు పోసుకునే దశలో అడవి పందుల గుంపు రెండు రాత్రులు పడి చేనంతా నాశనం చేసింది. అటవీ శాఖ బీటు అధికారికి ఫోన్ చేస్తే వస్తానన్నారు, రాలేదు. చేను దున్నించి మినుము చల్లాను. అప్పులతో నిద్ర పట్టడం లేదు. ఇది జరిగి ఏడు నెలలైంది. పందులు ప్రభుత్వానివే కదా, అటవీ శాఖపై కేసు వేయవచ్చా? పక్క రైతు రాత్రిపూట కంచెకు కరెంటు పెడుతున్నాడు, నేనూ పెట్టవచ్చా?
– ఒక కౌలు రైతు

జవాబు: మీ అప్పుల లెక్క న్యాయమూర్తికి అక్కరలేదు. ఆ చేను మీరు సాగు చేసినదేనని, పంట పోయిందని, పోగొట్టింది పందులేనని చెప్పే కాగితం ఏదని ఆయన అడుగుతారు. మీ దగ్గర ఒక్కటీ లేదు. ఫోన్‌లో చెప్పి ఊరుకున్నారు. తొక్కిన మొక్కలు, గిట్టల జాడలు ఉన్న చేనును తనిఖీకి ముందే దున్నించి సాక్ష్యాన్ని మీ చేతులతోనే చెరిపేశారు. ఇంత అజాగ్రత్త ఏమిటండీ?

పందులు ప్రభుత్వానివన్న వాదన మీద ఆశ పెట్టుకోకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రధానంగా వేటాడిన, చచ్చి దొరికిన జంతువుల సంగతి చెబుతుంది. అడవిలో తిరిగే పంది చేసిన ప్రతి నష్టానికీ సర్కారే బాధ్యత వహించాలని అనదు. మీకు దారి ప్రభుత్వ ఉత్తర్వుల కింద ఇచ్చే పరిహారమే. అది తనిఖీ నివేదికను బట్టి వస్తుంది.

దావా వేయదలిస్తే సివిల్ ప్రక్రియా స్మృతి 80వ సెక్షన్ కింద ముందుగా రెండు నెలల నోటీసు ఇవ్వాలి. మూడేళ్ల గడువుందని ఎవరైనా అంటే నమ్మి కూర్చోకండి. అధికారులు చట్టప్రకారం చేయవలసిన పని చేయలేదని మీరు అన్నారంటే, లిమిటేషన్ చట్టం 72వ ఆర్టికల్ చూపి గడువు ఏడాదేనని ప్రభుత్వ న్యాయవాది వాదిస్తారు. నోటీసు కాలం గడువులోంచి మినహాయింపు అవుతుంది గానీ, మీకు మిగిలింది ఐదు నెలలే అనుకుని నడవండి.

ఈ వారంలోనే అటవీ రేంజి అధికారికి రాతపూర్వక దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, నకలు తహసీల్దారుకు ఇవ్వండి. విత్తనాలు, ఎరువుల బిల్లులు, బీటు అధికారికి చేసిన కాల్ వివరాలు, గట్టు రైతుల వాంగ్మూలాలు జతపరచండి. ఆ రోజుల్లో ఎవరైనా ఫొటోలు తీసి ఉంటే ఆ ఫోను మార్చవద్దు, చెరపవద్దు. కోర్టులో ఇలాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం కావాలి. భూయజమానితో కౌలు సంగతి రాయించుకోండి. లేకపోతే పరిహారం వచ్చినా ఆయన ఖాతాలోకే పోతుంది.

ఇక కరెంటు తీగ. ఆ మాట మరచిపోండి. వన్యప్రాణి చట్టం దృష్టిలో చంపడమే కాదు, చంపబోవడమూ, ఉచ్చు పెట్టడమూ, విషం పెట్టడమూ వేటే. 2022 సవరణ తర్వాత అడవి పంది ఆ చట్టం రెండో షెడ్యూలులో (రక్షిత జంతువుల జాబితాలో) ఉంది: మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. తీగకు తగిలింది చిరుత అయితే కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా. రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి పోతే భారతీయ న్యాయ సంహిత 105వ సెక్షన్ కింద నేరపూరిత నరహత్య కేసు పెట్టవచ్చు. లైను నుంచి కొక్కెం వేస్తే విద్యుత్ చౌర్యం అదనం. ఆత్మరక్షణ అంటారేమో, వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్‌లోని ఆ మినహాయింపు మనుషుల ప్రాణానికే, పంటకు కాదు. పక్క రైతు ఇంతవరకు దొరకలేదంటే అది అతని అదృష్టం, మీకు అనుమతి కాదు.

పంటకు ముప్పుగా మారిన పందులను చంపడానికి అదే సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చే అధికారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు, ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంది. గ్రామమంతా కలిసి అడగండి. ఉత్తర్వు వచ్చినా చచ్చిన పంది ప్రభుత్వానిదే, కూర వండుకుంటే మళ్లీ కేసు. సోలార్ కంచె వేరు. అది క్షణకాలపు చిన్న షాకులు కొట్టే ఎనర్జైజర్ అనే యంత్రంతో నడుస్తుంది, దాన్ని ప్రమాణాల ప్రకారం బిగించుకోవచ్చు.

వచ్చే పంటకు నాట్లకు ముందే కౌలు గుర్తింపు కార్డు తీసుకోండి. పందులు పడిన తెల్లవారే చేను కదపకుండా ఫొటోలు తీసి, దరఖాస్తు ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తనిఖీ పంచనామా మీద మీ సంతకం పడేవరకు ట్రాక్టరును చేలోకి దింపకండి.