టెక్ సందేహాలు: బ్యాంకు పాస్‌వర్డ్ మార్చారు సరే, మెయిల్ సంగతేంటి?

ప్రశ్న: రెండు వారాల క్రితం నా బ్యాంకు పేరుతో ఈమెయిల్ వచ్చింది. కేవైసీ గడువు అయిపోయిందని, 24 గంటల్లో అప్‌డేట్ చేయకపోతే ఖాతా ఆగిపోతుందని రాశారు. మర్నాడే పెన్షన్ పడాలి. టెన్షన్‌లో లింక్ నొక్కి యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, ఆ తర్వాత ఓటీపీ ఇచ్చాను. చివర్లో 'ఈమెయిల్ వెరిఫికేషన్' అంటే ఆ పాస్‌వర్డ్ కూడా కొట్టాను. పది నిమిషాల్లో 48,000 రూపాయలు పోయాయి. బ్రాంచికి వెళ్లి నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్పించాను, కార్డు బ్లాక్ చేయించాను. ఇంకేమైనా చేయాలా? ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది కదా, వాళ్ల చేతికెలా పోయింది?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: ఇలాంటి ఉత్తరం నాకు వారం వారం వస్తోంది. బ్యాంకు మారుతుంది, పోయిన మొత్తం మారుతుంది, మిగతాదంతా ఇదే. మీరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసినట్టు ఎక్కడా రాయలేదు. చేయకపోతే ఇది పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి. దొంగల ఖాతాలో డబ్బు ఇంకా మిగిలి ఉంటే అక్కడికక్కడే ఆపించే ఏర్పాటు ఆ నంబర్ వెనకాల ఉంది. మొదటి గంటలో చేసుంటే ఆశ ఎక్కువ ఉండేది. రెండు వారాలయ్యాక అంత ఉండదు, అయినా కంప్లయింట్ లేకపోతే అసలు దారే లేదు. ట్రాన్సాక్షన్ నంబర్, టైమ్, మొత్తం ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. అవే అడుగుతారు.

బ్రాంచిలో నోటిమాటగా చెప్పి వచ్చి ఉంటే, మళ్లీ వెళ్లి రాతపూర్వకంగా ఇచ్చి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారుడే పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చేసిన సందర్భాల్లో బ్యాంకుకు తెలియజేసేదాకా పోయిన డబ్బు నష్టం ఖాతాదారుడిదే. తెలియజేసిన తర్వాత పోతే దానికి బ్యాంకే బాధ్యురాలు. మీరు ఏ రోజు, ఎన్ని గంటలకు చెప్పారో చూపించే కాగితం అందుకే కావాలి.

ఇక ఓటీపీ. మీరు చూసిన పేజీ వెనకాల ఎవరో ఒకరు, లేదా ఒక ప్రోగ్రామ్, అదే సమయానికి మీ బ్యాంకు అసలు సైట్ తెరిచి కూర్చుంటుంది. మీరు ఇక్కడ కొట్టిన పాస్‌వర్డ్ అక్కడ పడుతుంది. అసలు బ్యాంకే మీకు అసలైన ఓటీపీ పంపిస్తుంది. మీరు దాన్ని నకిలీ పేజీలో కొడతారు, అది అర నిమిషం లోపు అసలు సైట్‌లోకి వెళ్లిపోతుంది. 'ఓటీపీ నా దగ్గరే ఉంది, నాకేం భయం' అనే నమ్మకం ఇక్కడే దెబ్బతింటోంది. ఆ రోజు వచ్చిన ఎస్సెమ్మెస్ ఇంకా ఉంటే మళ్లీ తెరిచి చదవండి. కేవైసీ కోసం అని అందులో ఉండదు. ఫలానా మొత్తం పంపడానికనో, కొత్త బెనిఫిషియరీని యాడ్ చేయడానికనో ఉంటుంది. మనం ఆ వాక్యం చదవం, ఆరంకెలే చూస్తాం. ఇప్పటి ఫోన్లయితే ఆ ఆరంకెలను తీసి కీబోర్డు మీద పెడుతున్నాయి, ఒక్కసారి తాకితే చాలు. మెసేజ్ తెరవాల్సిన పనే లేదు. హెచ్చరిక మొత్తం ఆ మెసేజ్‌లోనే ఉంటే, దాన్ని చదవకుండా దాటేసే సదుపాయం ఎందుకు పెట్టారు? నాకు ఇది ఏమాత్రం నచ్చని ఫీచర్.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కంగారు పెట్టింది వేరే వాక్యం. 'ఆ పాస్‌వర్డ్ కూడా కొట్టాను' అని ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. బ్యాంకు తలుపు మూశారు, మెయిల్ తలుపు రెండు వారాలుగా తెరిచే ఉంది.

ఒక పని చేయండి. మీ మెయిల్ తెరిచి, సెర్చ్‌లో 'పాన్' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. ఆ తర్వాత 'ఆధార్', 'చెక్' కొట్టండి. మా పక్క ఫ్లాట్‌లో ఉండే పెద్దాయన ఫోన్‌లో మొన్న ఇదే చేసి చూపించాను. హోమ్ లోన్ ఏజెంటుకు పంపిన పాన్ కార్డు స్కాన్, ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు ఓనర్‌కు పంపిన ఆధార్ జిరాక్స్, పీఎఫ్ కోసం పంపిన క్యాన్సిల్డ్ చెక్కు, అందులో సంతకం, అన్నీ వరసగా కనిపించాయి. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇంట్లో బీరువాకు తాళం వేసుకునే మనిషి, బీరువాలో ఉండాల్సినవన్నీ మెయిల్‌లో పెట్టుకున్నానని అప్పటిదాకా అనుకోలేదు.

దొంగ చేతికి మెయిల్ చిక్కితే ఈ కాగితాలు చదవడంతో ఆగడు. చాలా సైట్లలో 'పాస్‌వర్డ్ మర్చిపోయారా' అని నొక్కితే లింక్ వచ్చేది ఆ మెయిల్‌కే. ఇంకొకటి ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ అని ఉంటాయి. బ్యాంకు నుంచి ఏ అలర్ట్ వచ్చినా నేరుగా ట్రాష్‌లో పడేటట్టు అక్కడ ఒక ఫిల్టర్ పెట్టేస్తే మీకు ఏ కబురూ తెలియదు. మీ మెయిల్స్ అన్నీ ఇంకో అడ్రస్‌కు కాపీ అయ్యేటట్టు కూడా పెట్టొచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన ఈ రెండూ పోవు, మీరే చేత్తో తీసేయాలి.

కాబట్టి మెయిల్ పాస్‌వర్డ్ ఇప్పుడే మార్చండి, బ్యాంకుకు వాడేది కాకుండా పూర్తిగా వేరేది పెట్టండి. అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. రికవరీ ఫోన్ నంబర్ మీదేనా, మధ్యలో ఎవరైనా మార్చారా చూడండి. తర్వాత ఫిల్టర్లు, ఫార్వర్డింగ్. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో తనిఖీ కూడా అడిగే టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకోండి. ఇవి ఫోన్ యాప్‌లో వెతికితే దొరక్కపోవచ్చు, కంప్యూటర్ ముందు కూర్చుని చేయండి. చేతకాకపోతే ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లున్నాయా? చాలా బ్యాంకుల్లో నెట్ బ్యాంకింగ్ నుంచే ఎఫ్‌డీ బ్రేక్ చేయొచ్చు, ప్రీ అప్రూవ్డ్ లోన్ కూడా తీయొచ్చు. స్టేట్‌మెంట్‌లో సేవింగ్స్ ఒక్కటే కాకుండా అవి కూడా చూసుకోండి.

కేవైసీ గురించి ఒక్క మాట. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం రిస్క్ ఎక్కువున్న ఖాతాలకు రెండేళ్లకు, మధ్యస్థంగా ఉన్నవాటికి ఎనిమిదేళ్లకు, తక్కువున్నవాటికి పదేళ్లకు ఒకసారి దాన్ని అప్‌డేట్ చేస్తారు. ఏళ్లలో లెక్కపెట్టే పనికి 24 గంటల గడువు పెట్టారంటే అది బ్యాంకు రాసిన మెయిల్ కాదు.

ప్రశ్న: నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా అమ్మ మోసపోయిన పేజీ నేనూ చూశాను, అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది. తాళం ఉంటే సేఫ్ అనే కదా చెప్పారు?

జవాబు: ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. మీ ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య దారిలో ఎవరూ తొంగి చూడలేరని చెప్పడానికే తాళం గుర్తు. అవతల కూర్చున్నది ఎవరో అది చెప్పదు. ఆ తాళం కనిపించడానికి సైట్‌కు కావాల్సిన సర్టిఫికెట్ ఉచితంగా, నిమిషాల్లో ఎవరికైనా వస్తుంది, దొంగకు కూడా.

చూడాల్సింది అడ్రస్. మనకు ఇంటిపేరు ముందొస్తుంది. వెబ్ అడ్రస్‌కు ఇంటిపేరు చివర్లో ఉంటుంది. మీ అమ్మగారికి ఇలాగే చెప్పండి, వెంటనే అర్థమవుతుంది. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి ముక్క తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు ఆగి, అక్కడి నుంచి వెనక్కి చదవాలి. 2025 ఏప్రిల్‌లో ఆర్‌బీఐ బ్యాంకులన్నిటినీ అక్టోబరు 31 లోపు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్'కు మారమంది. ఆ పేర్లు బ్యాంకులకే ఇస్తారు. ఇచ్చేది కూడా మన మాసాబ్‌ట్యాంక్‌లో ఉన్న, ఆర్‌బీఐ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీయే. కానీ 'బ్యాంక్ డాట్ ఇన్' అన్న మాట అడ్రస్‌లో ఎక్కడో ఒకచోట కనిపిస్తే చాలదు. దాని తర్వాత మళ్లీ చుక్క పెట్టి 'కేవైసీ అప్‌డేట్ డాట్ ఎక్స్‌వైజెడ్' అని ఉంటే ఇంటిపేరు మారిపోయినట్టే.

ఇంత తెలిసినా ఫోన్‌లో చూడడం కష్టమే, ఇందులో మీ అమ్మగారి తప్పు లేదు. మెయిల్ యాప్‌లో పంపినవాళ్ల పేరు లావు అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ పేరు ఎవరు ఏదైనా పెట్టుకోవచ్చు. అసలు అడ్రస్ చూడాలంటే పేరు కింద ఉన్న చిన్న బాణం గుర్తు నొక్కాలి. చత్వారం ఉన్నవాళ్లకు ఆ బాణం కనిపించదు. కనిపించినా అడ్రస్ పొడవుగా ఉంటే చివర చుక్కలు పెట్టి కోసేస్తారు, అంటే సరిగ్గా ఇంటిపేరే పోతుంది. ఏళ్లుగా ప్రతి అప్‌డేట్‌లో రంగులు మారుస్తున్నారు, బటన్లు గుండ్రం చేస్తున్నారు. ఆ అడ్రస్‌ను పేరు పక్కనే, పూర్తిగా, అదే సైజులో చూపించడానికి మనసు రావడం లేదు. సీనియర్ సిటిజన్ల చేతిలో పెట్టే ఫోన్‌కు ముందు కావాల్సింది అది.

ప్రశ్న: బ్యాంకు నుంచి స్టేట్‌మెంట్ అంటూ అటాచ్‌మెంట్ వచ్చింది. తెరవాలంటే పుట్టిన తేదీ అడుగుతోంది. తెరవొచ్చా? - అమీర్‌పేట నుంచి ఒక విద్యార్థిని

జవాబు: మీకు ఈ అనుమానం వచ్చినందుకు సంతోషం. ఇక్కడ నాకు బ్యాంకుల మీదే కోపం. ఒక పక్క 'తెలియని లింకులు నొక్కొద్దు' అని ఎస్సెమ్మెస్‌లు పంపిస్తారు. ఇంకో పక్క వాళ్లే నెలనెలా అటాచ్‌మెంట్ పంపి, పుట్టిన తేదీ కొట్టి తెరవమంటారు. లోన్ ఆఫర్ అంటూ వాళ్లు పంపే మెయిల్‌లో పెద్ద బటన్ ఉంటుంది. దాని వెనక లింకు చూస్తే బ్యాంకు పేరే ఉండదు, మెయిళ్లు పంపిపెట్టే ఏదో కంపెనీ అడ్రస్ ఉంటుంది. అసలుదే నకిలీలా ఉంటే నకిలీని మనుషులు ఎలా పట్టుకుంటారు? నెలనెలా నొక్కడం అలవాటు చేసి, నొక్కినందుకు ఖాతాదారుడిని తప్పుపట్టడం న్యాయం కాదు. మెయిల్‌లో లింకులే పెట్టకుండా 'మా యాప్ తెరిచి చూసుకోండి' అని ఒక్క లైన్ రాస్తే పని అయిపోతుంది.

మీ అటాచ్‌మెంట్ సంగతి: ఫైల్ పేరు చివర పీడీఎఫ్ కాకుండా హెచ్‌టీఎంఎల్, జిప్, ఏపీకే అని ఉంటే తెరవనే వద్దు. హెచ్‌టీఎంఎల్ ఫైల్ అయితే నకిలీ లాగిన్ పేజీయే మీ ఫోన్‌లో తెరుచుకుంటుంది. పీడీఎఫ్ అయినా సరే, మెయిల్ వదిలేసి బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఈ నెల స్టేట్‌మెంట్ అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసుకోండి. రెండు నిమిషాల పని.