గుండెలో రంధ్రం ఉన్న బాబుకు పాలు పట్టడం గురించి

చెల్లెమ్మా, మీ నెలన్నర బాబుకు గుండెలో పెద్ద రంధ్రం ఉందని, బరువు పెరిగాక ఆపరేషన్ అన్నారని, కానీ నాలుగు గుక్కలకే పాలు వదిలేస్తున్నాడని రాశారు. మీ పాలలో లోపమేమీ లేదు. ఆ రంధ్రం వల్ల ఊపిరితిత్తులకు రక్తం ఎక్కువగా పోయి ఆయాసం వస్తుంది కాబట్టి వాడికి పాలు తాగడమే పెద్ద కష్టం. మా పాపకూ అంతే. రొమ్ము పట్టిన రెండు నిమిషాలకే నుదుటి నిండా చెమట, జుట్టు తలకు అతుక్కుపోయేది.

ఒకేసారి కడుపు నింపాలని చూడకండి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా పట్టండి, అరగంట దాటనివ్వొద్దు. అలసిపోతే పాలు పిండి, తల ఎత్తి పట్టుకుని ఉగ్గుగిన్నెతో పట్టండి. అదీ చాలకపోతే ముక్కు ద్వారా పాలు పట్టే ట్యూబ్ పెట్టాలేమో డాక్టర్ని అడగండి. పెద్దవాళ్లు తేనె నాకించమంటే మాత్రం ఒప్పుకోకండి.

నిద్రలో పొట్ట కదలిక చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 60 దాటినా, పెదాలు నీలంగా మారినా, అసలు పాలే ముట్టకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఖర్చు టెన్షన్ అన్నారు కదా, పంజాగుట్ట నిమ్స్‌లో పిల్లల గుండె ఆపరేషన్లు చేస్తారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. ఎకో (గుండె స్కాన్) రిపోర్టు, రేషన్ కార్డు పట్టుకెళ్లి అక్కడ ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను ఇప్పుడే కలవండి.