పిల్ల బాక్స్ తాబేళ్ళకు ఇంట్లో తొట్టి: ముందు నేల, తర్వాతే దీపం

మీ దగ్గర ఏడాది కూడా నిండని బాక్స్ తాబేలు పిల్లలు రెండున్నాయి, గాజు అక్వేరియంలో గులకరాళ్ళు పరిచి, పైన బల్బు పెట్టి ఉంచుతున్నారని చెప్పారు. రోజంతా ఓ మూలకు చేరి కళ్ళు మూసుకునే ఉంటున్నాయి, తిండి సరిగ్గా ముట్టడం లేదు, ఇంకెలాంటి తొట్టి కట్టాలి అని అడిగారు. ఈ జాతి పిల్లల్ని గుడ్డు పగిలిన దగ్గర్నుంచి ఇంట్లోనే పెంచుతూ వచ్చాను కాబట్టి, నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను.

అంతకంటే ముందు వాటి కళ్ళు దగ్గరగా చూడండి. రెప్పలు వాచి ఉన్నా, చెవి దగ్గర గడ్డలా ఉబ్బినా, ముక్కులోంచి నీరు కారుతున్నా తొట్టి పని పక్కనపెట్టి సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. విటమిన్ ఏ లోపం వల్ల కూడా ఇలా జరుగుతుంది. విటమిన్ చుక్కలు మాత్రం సొంతంగా వేయకండి, మోతాదు మించితే అదే విషమవుతుంది.

కళ్ళు బాగానే ఉంటే, నాకు అనుమానం గులకరాళ్ళ మీదే. ఇవి అమెరికా అడవుల్లో ఆకుల కింద బతికే జీవులు. పెద్ద బాక్స్ తాబేలుకు భయమేస్తే కింది డిప్పను పైకి మడిచి పెట్టెలా మూసేసుకుంటుంది. పిల్లకు ఆ మడత ఇంకా పనిచేయదు, అందుకు కొన్నేళ్ళు పడుతుంది. అప్పటిదాకా దానికున్న రక్షణ ఒక్కటే, ఎవరి కంటా పడకుండా దాక్కోవడం. 3 సెంటీమీటర్ల ప్రాణిని రాళ్ళ మీద, వెలుతురులో, నాలుగు వైపులా గాజు మధ్య ఉంచితే అది తినడానికి ధైర్యం చేయదు. చాలామంది ఖర్చంతా దీపాల మీద పెట్టి నేలను చివరికి వదిలేస్తారు. పిల్లల విషయంలో ఆ వరుస తిరగేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

పెట్టె విషయం తేలికే. లోపలికి కనిపించని పెద్ద ప్లాస్టిక్ సామాన్ల డబ్బా చాలు. ఒక్కో పిల్లకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉంటే మొదటి ఏడాది రెండేళ్ళు ఇబ్బంది ఉండదు. ఎత్తు 40 దాకా ఉండనివ్వండి, ఎందుకంటే ఇవి మూలలు పట్టుకుని భలే పైకి పాకుతాయి. అక్వేరియమే వాడాలనుకుంటే బయటి నుంచి ముదురు రంగు కాగితం అంటించండి. గాజు కనిపించినంతసేపూ దాన్ని దాటి వెళ్ళాలని గోడ వెంట గీరుతూనే ఉంటాయి. రెండింటినీ వేరువేరుగా పెట్టమనే చెబుతాను. తిండి దగ్గర ఒకదాని తోక, కాలు ఇంకొకటి కొరకడం మామూలే. పైకి దెబ్బలాట కనిపించకపోయినా, ఒకటి ఎదుగుతూ ఇంకొకటి వెనకబడిపోతుంది.

ఇక నేల. కొబ్బరిపొట్టు, ఎరువులూ మందులూ కలపని మట్టి సమంగా కలిపి 8 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరచండి. కుండీల కోసం అమ్మే మట్టి మిశ్రమాల్లో తెల్లటి పెర్లైట్ గుండ్లు ఉంటాయి, పిల్లలు మింగేస్తాయి, అవి వద్దు. ఉత్త ఇసుక, దేవదారు పొట్టు, పైన్ పొట్టు కూడా వద్దు. మట్టి మీద ఎండుటాకులు అరచేతి మందాన పోయండి, మందులు కొట్టని చెట్టువైతే చాలు. చల్లగా ఉండే మూలలో తడి స్ఫాగ్నం నాచు ఓ గుప్పెడు, దాని మీద బెరడు ముక్క ఒకటి బోర్లించండి. తొట్టిలో అవి ఎక్కువ సేపు గడిపేది అక్కడే.

తడి ఎంత ఉండాలన్నదే అసలు కిటుకు. మట్టిని పిడికిట్లో బిగించి వదిలితే ముద్దగా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. పైన పిచికారీ కొడుతూ కూర్చుంటే పై పొర చిత్తడిగా, అడుగు పొడిగా తయారవుతుంది. నేనైతే మూలల్లో నీళ్ళు మెల్లగా పోస్తాను, అడుగు నానుతుంది, పైన ఆకులు ఓ మోస్తరు పొడిగా ఉంటాయి. ఎప్పుడూ బురదలో ఉంటే కింది డిప్ప కుళ్ళుతుంది. ఎండిపోతే అంతకంటే ప్రమాదం, పిల్లలు చాలా త్వరగా నీరు కోల్పోతాయి, పై డిప్ప పలకలు గుట్టలుగా లేచి పెరుగుతాయి. ఆకుల కింద గాలిలో తేమ 80 శాతం చుట్టుపక్కల ఉండేలా చూసుకోండి. తేమ కొలిచే మీటరు సెన్సారును కూడా అక్కడే పెట్టాలి, గోడకు పైన తగిలిస్తే లాభం లేదు.

నేల కుదిరితే పిల్ల తీరే మారిపోతుంది. నా పిల్లను కొత్త మట్టి మీద వదిలినప్పుడు ముందు ముక్కు ఆనించి వాసన చూసింది. తర్వాత ముందుకాళ్ళతో మట్టిని చెరోపక్కకూ తోసి, ఒళ్ళు అటూ ఇటూ ఊపుతూ దిగబడింది. చివరికి ఆకుల మధ్య ముక్కు కొన, ఒక కన్ను మాత్రమే మిగిలాయి, ఆ కన్ను మాత్రం తెరిచే ఉంది. ఈ మట్టిలో స్ప్రింగ్‌టెయిల్స్ (మట్టిలో గెంతే బుల్లి జీవులు), ఐసోపాడ్లు (తేమలో బతికే పెంకు జీవులు) వేసి పెంచితే బూజునూ రెట్టనూ అవే తినేస్తాయి, ఆ ఐసోపాడ్లను పిల్లలు వేటాడి తింటాయి. ఇలా తనను తానే శుభ్రం చేసుకునే తొట్టిలో నేను మట్టంతా ఎత్తి పారేయడం చాలా అరుదు.

నీళ్ళకు కుండీ కింద పెట్టే లోతులేని పళ్ళెం చాలు, అంచు మట్టితో సమానంగా వచ్చేలా పాతండి. నీరు పిల్ల గడ్డం దాటకూడదు. వెల్లకిలా పడితే పిల్లలు ఆ కొద్ది నీటిలోనే మునిగి చచ్చిపోతాయి. అందులోనే విసర్జిస్తాయి కాబట్టి నీళ్ళు రోజూ మార్చాల్సిందే.

దీపాలు రెండు కావాలి, రెండూ ఒకే చివర. ఒకటి వేడికి మామూలు బల్బు, రెండోది యూవీబీ ట్యూబు, అంటే ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాల్లో ఒక రకాన్ని ఇచ్చే దీపం. అడవి నీడలో బతికే జీవులు కాబట్టి యూవీబీ 5 లేదా 6 శాతం అని రాసి ఉన్న రకం సరిపోతుంది. యూవీబీ గాజులోంచి, ప్లాస్టిక్ మూతలోంచి దిగదు, కిటికీ పక్కన పెడితే సరిపోతుందనుకోవద్దు. పైగా ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ లోపలి యూవీబీ తగ్గిపోతుంది, తయారీదారు చెప్పిన గడువుకు మార్చేయండి. బల్బు కింద నేల మట్టంలో 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్, రెండో చివర 22 నుంచి 24, రాత్రి 18కి తగ్గకుండా. టైమరు పెట్టి రోజుకు 12 గంటలు వెలిగించండి, రాత్రి పూర్తి చీకటి కావాలి. తొట్టి అడుగున పెట్టే హీటింగ్ ప్యాడ్లు వద్దే వద్దు. వేడి ఎక్కువైతే తాబేలు చల్లదనం కోసం కిందికి తవ్వుతుంది, అక్కడే కాలుతుంటే ఇంకెక్కడికి పోతుంది?

తిండి పొద్దున, ఆకుల మీద కాస్త నీళ్ళు చల్లాక పెట్టండి. ఈ వయసులో కదిలేదాన్నే ఇష్టపడతాయి: వానపాము ముక్కలు, చిన్న నత్తలు, పురుగులు. నా పిల్ల వానపాము దగ్గరికొచ్చి మెడ చాచి, తల పక్కకు వంచి చాలాసేపు తేరిపార చూస్తుంది, తర్వాత ఒక్కసారిగా పట్టేస్తుంది. పక్కన సన్నగా తరిగిన ఆకుకూర, పుట్టగొడుగు రోజూ పెడుతుంటే పెద్దయ్యేకొద్దీ వాటికీ అలవాటు పడతాయి. ఉత్త మాంసం తినిపించొద్దు, అందులో క్యాల్షియం దాదాపు ఉండదు. క్యాల్షియం పొడి చల్లండి, కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని గట్టి పెంకు) ముక్క తొట్టిలో వేసి ఉంచండి.

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి, ఇంట్లో చంటిపిల్లలుంటే మరీను. ఆరోగ్యంగా ఉన్న తాబేలు ఒంటి మీద కూడా మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. అమెరికాలో 4 అంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మడం 1975లో నిషేధించింది ఇందుకే.

కొత్త తొట్టిలోకి మార్చాక కనిపించడం లేదని రోజూ తవ్వి తీయకండి. సాయంత్రం తిండి తగ్గిందా, ఆకులు కదిలాయా చూడండి చాలు. వారానికోసారి మాత్రం తీసి, గోరువెచ్చటి నీళ్ళలో గడ్డం లోతున కాసేపు ఉంచి, తుడిచి, గ్రాముల్లో చూపించే తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. రెండు వారాలు వరసగా అంకె తగ్గినా, వారం దాటినా ఏమీ తినకపోయినా ఆ కాగితం తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. తొట్టి ఫోటోలు, నేల మట్టంలో ఉష్ణోగ్రత, తేమ అంకెలు కూడా పట్టుకెళితే ఆయన పని సగం తేలికవుతుంది.